రెండిళ్ళలో తిన్న పిల్లి

నన్ను చూడడానికి వచ్చే కుర్ర పశువుల డాక్టర్లు ముందు మొసళ్ళ గురించే అడుగుతారు. ఉద్యోగమంతా అండమాన్లోనే చేశాను కాబట్టి, ఉప్పుటేరులో మొసలి పట్టుకున్న గేదెల కథలు నా దగ్గర బోలెడు ఉంటాయని వాళ్ళ నమ్మకం. ఉన్న మాట నిజమే. అలాంటి గేదెలకు కుట్లు వేశాను. కోళ్ళకు తెగులు వస్తే ఊళ్ళ వెంట తిరిగాను. కానీ అందరికన్నా ఎక్కువ తిప్పలు పెట్టిన రోగి ఒక ముసలి పిల్లి. దాని గొంతులో ఒక గడ్డ ఉండేది. ఆ గడ్డ సంగతి తేలేలోపు ఒక కుటుంబం రెండుగా చీలిపోయే దాకా వచ్చింది. మధ్యలో నేను ఎవరెవరిని అనుమానించానో చెబితే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఫరవాలేదు. మీకూ అలాంటి కేసు ఒకటి తగులుతుంది.

అప్పటికి నేను మాయాబందర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బదిలీ అయి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మాయాబందర్లో రైతు పశువును తోలుకొచ్చేవాడు, బాధ చెప్పేవాడు, మందు పట్టుకుని పోయేవాడు. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి కుక్కలూ పిల్లులూ వచ్చేవి. వాటి వెంట ఇళ్ళలోని తగాదాలు కూడా వచ్చేవి.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున ఒకావిడ వచ్చింది. ఒక చేతిలో పైన గుడ్డ కట్టిన బుట్ట, రెండో చేతిలో ముడివేసిన పాలిథిన్ కవరు. ఆమెను పెద్దావిడ అంటాను, పేరు చెప్పను. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. భర్త దీవుల మధ్య తిరిగే ఓడలో బోసన్, అంటే డెక్ మీద పనిచేసేవాళ్ళకు మేస్త్రీ. ఆమె ఆ ఇంటికి పెద్దకోడలు. తెలుగు చర్చిలో పాటలు మొదలుపెట్టే గొంతు ఆమెదే.

కవరు నా బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటమ్మా?"

"కక్కినాది డాక్టరమ్మా. జాగ్రత్తగా ఎత్తి తెచ్చినాను. టెస్ట్ సెయ్యండి. దీనికి జెహర్ ఎడతన్నారు."

"విషమా? ఎవరు పెడుతున్నారు?"

ఆమె తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా తోటికోడలు. గోడకి అవతల ఉంటాది."

బుట్ట విప్పాను. నారింజ చారల మగపిల్లి. ఒకప్పుడు భారీగా ఉండి ఉంటుంది, తల ఇంకా పెద్దదే. వీపు మీద చెయ్యి వేస్తే మాత్రం ఎముకలు ఒక్కొక్కటీ తగిలాయి. వెంట్రుకలు జిడ్డుకట్టి ఉండలు చుట్టుకున్నాయి. బల్ల మీద ఒక్క క్షణం నిలవలేదు. గుండె చప్పుడు వినబోతే అది కొట్టుకుంటోందా వణుకుతోందా అన్నంత వేగం.

"తింటుందా?"

"తినడమేటి! నన్నే తినీసేలాగున్నాది. ఎట్టింది ఎట్టినట్టు మింగీసి మళ్ళీ అరుస్తాది. రాత్రంతా ఇల్లు తిరుగుతాది. ఇంత తింటన్నా కరిగిపోతన్నాది. జెహర్ కాపోతే ఇంకేటి?"

వాంతిలో విషం పట్టే పరికరాలు మా దగ్గర లేవు. అయినా చేతికి తొడుగు వేసుకుని కవరు విప్పి చూశాను. అన్నం, జీర్ణం కాని ఎండుచేప ముక్కలు. చేపల సంగతి చెప్పగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"మా ఇంట్ల ఎండుచేప ఒండం. మా ఆయనకి వాసన పడదు. చూసినారా? ఇంకెవులు ఎట్టినారు మరి?"

అనుమానం అంటురోగం లాంటిది. ఆమె దగ్గర ఉన్నది ఆ పూట నాకు అంటుకుంది. పురుగుల మందు వేశాను, రక్తం తీశాను, చక్కెర చూశాను. మధుమేహం లేదు. మూత్రపిండాలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. పురుగుల మందు వేశాక కూడా పిల్లి సన్నబడుతూనే ఉంది. పెద్దావిడ వచ్చిన ప్రతిసారీ ఇంకొక సాక్ష్యం తెచ్చేది. గోడ పక్కన పడి ఉన్న చేపముల్లు తెచ్చింది. ఒకసారి పిల్లి మూతికి అంటిన పసుపు రంగును రుమాలుతో తుడిచి తెచ్చింది. పోలీసు చౌకీకి పోతానని కూడా అంది.

చివరికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ వీధిలో కుక్కలకు టీకాలు వేసే వంక ఒకటి దొరికింది. పాత టిన్ను పైకప్పు ఇల్లు, మధ్యలో గోడ. గోడకు ఇవతల పెద్దావిడ, అవతల చిన్నావిడ. చిన్నావిడ భర్తకు బజార్లో హార్డ్‌వేర్ దుకాణం. వాళ్ళకు పిల్లలు లేరు. తగాదా మొదలైంది నీళ్ళ దగ్గర. పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజున ఎవరి డ్రమ్ము ముందు నిండాలన్న పేచీలో మొదలై, వాల్వు ఎవరు కట్టేశారన్న దగ్గర మాటలు ఆగిపోయాయి.

చిన్నావిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషి.

"ఈ పిల్లి మీ ఇంటికి వస్తుందా?"

"లేదు మేడమ్. బిల్కుల్ రాదు. మా గుమ్మం తొక్కదు."

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే పిల్లి గోడ దూకింది. మా ఇద్దరి మధ్య నుంచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఒక అలమర కింద ఆగి, పైకి చూస్తూ అరిచింది. దారి వెతుక్కోలేదు. అక్కడేం దొరుకుతుందో దానికి తెలుసు.

నేను చిన్నావిడ ముఖం చూశాను. ఆమె నేలచూపులు చూసింది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నేను ఇంకేం అడగకుండా వచ్చేశాను, కానీ ఆ రోజు నుంచి పెద్దావిడ మాటలు నాకు అంత వెర్రిగా అనిపించలేదు.

ఆ వారంలోనే వాళ్ళ చర్చి పాస్టరుగారు ఆసుపత్రికి వచ్చారు. అందరూ అయ్యగారు అంటారు. ఆయన గొడుగు మడిచి, బెంచీ అంచు మీద కూర్చుని, "డాక్టరమ్మా, పాటల గుంపులో ఆ ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడుతున్నారు. చిన్నామె ఇంక చర్చికే రానంటోంది. అన్నదమ్ములు ఇల్లు అమ్మి పంచుకుందామంటున్నారు. విషమా కాదా, మీరొక్క మాట తేల్చి చెబితే..." అన్నారు.

"నాకే తెలిస్తే చెప్పనా అయ్యగారూ?" అన్నాను.

ఆయన వెళ్ళాక మా ఆసుపత్రి సర్జన్ నవ్వాడు. ఆయన బెంగాలీ, నాకన్నా పెద్దవాడు, అందరం దాదా అని పిలిచేవాళ్ళం. మాట్లాడేది హిందీలోనే. మంచి చెయ్యి ఉన్న సర్జన్. కానీ ఎవరినీ నమ్మడు. టీ తెచ్చేవాణ్ణి కూడా నీళ్ళు కలిపావా అని అడిగే రకం. "దీదీ, పిల్లి కేసు కాదిది, కోర్టు కేసు. వదిలెయ్యండి" అన్నాడు.

వదిలేసేదాన్నేమో. కానీ ఒక మధ్యాహ్నం, ఓపీ ఖాళీ అయ్యాక, చిన్నావిడ ఒక్కతే వచ్చింది. కొంగుతో వాన నీళ్ళు తుడుచుకుంటూ కాసేపు నిలబడింది.

"ఎడతన్నాను మేడమ్" అంది.

"ఏం పెడుతున్నారు?"

"ఎండుచేప, అన్నం. పొద్దునా మాపూ. కానీ జెహర్ కాదు. దేవుని తోడు. అది కూనగా ఉన్నప్పుడు అత్తమ్మ మంచం మీద పడుకునేది. అత్తమ్మకి కేన్సర్ వచ్చి పడుకుంటే అక్కా నేనూ వంతులేసుకుని చూసినాం. అప్పట్నించీ అది మా ఇద్దరి కాడా తింటది. గొడవ తర్వాత నా చేతి నీళ్ళు కూడా ముట్టనని అక్క ఒట్టెట్టుకుంది. ఈ సంగతి తెలిస్తే పిల్లిని గదిలో యేసి తలుపెట్టీస్తాది."

"ఎంత తింటుంది మీ దగ్గర?"

"కడుపు నిండా."

నిజం చెప్పాలంటే ఆమెను పూర్తిగా నమ్మలేదు. విషం పెట్టే మనిషి కూడా ఇదే కథ చెప్పవచ్చు. ఎండుచేప బయటపడింది కాబట్టి సగం ఒప్పుకుని సగం దాస్తోందనీ అనుకోవచ్చు. కానీ ఆమె మాట నిజమైతే ఆ పిల్లి రెండు కడుపుల తిండి తింటోంది. పెద్దావిడ దగ్గర కడుపు నిండా, చిన్నావిడ దగ్గర కడుపు నిండా. వాంతుల్లో పోయేది కొంతే. మిగతాది ఎక్కడికి పోతోంది? లోపల ఏదో పొయ్యి పెద్ద మంట మీద ఉంటే తప్ప అంత తిండి అలా కాలిపోదు.

మర్నాడు పిల్లిని తెప్పించి, గడ్డం పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ గొంతు గొట్టానికి చెరోవైపు పెట్టి కిందికి జార్చుకుంటూ వచ్చాను. అంతకు ముందు కూడా మెడ తడిమాను, కానీ విషం కోసం చూస్తున్న మనిషి గడ్డ కోసం చూడదు. ఎడమ పక్క, ఛాతీలోకి దిగబోయే చోట, శనగ గింజకన్నా పెద్దది ఒకటి తగిలింది.

థైరాయిడ్.

దాదా ఒప్పుకోలేదు. "చలి దేశాల పిల్లుల జబ్బు. డబ్బా తిండి తినే పిల్లులకు వస్తుందని పుస్తకంలో ఉంది. ఎండుచేప తినే పిల్లికి థైరాయిడా?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. నేనూ అంతవరకు ఒక్కటి కూడా చూడలేదు. ఊళ్ళో మనుషుల రక్తపరీక్షలు చేసే లేబొరేటరీ వాళ్ళను బతిమాలి హార్మోన్ పరీక్ష చేయించాను. మిషన్ ఇచ్చిన పెద్ద అంకె చూసి అక్కడి టెక్నీషియన్ శాంపిల్ పాడైందనుకుని మళ్ళీ చేశాడు. రెండోసారీ అంతే.

మందుల దుకాణంలో మనుషులకు అమ్మే మాత్రలే చిన్న ముక్కలుగా విరిచి ఇచ్చాను. ఇది విషం కాదు, గొంతులో ఒక గ్రంథి అదుపు తప్పిందని పెద్దావిడకు వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, "అలగైతే ఆ గ్రంథి ఎందుకు తప్పింది? ఏటి ఎడితే తప్పుతాది?" అంది.

ఎందుకు వస్తుందో నాకు తెలియదని చెప్పాను. డాక్టరు తెలియదంటే ఆమెకు దాని అర్థం ఒక్కటే.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ రక్తం పరీక్షించాం. హార్మోన్ కాస్త కూడా దిగలేదు. మోతాదు పెంచాను. అయినా దిగలేదు. దాంతో నేను కొత్తగా అనుమానించడం మొదలుపెట్టాను. మనుషుల మాత్ర పిల్లికి ఎందుకని పెద్దావిడ ఇవ్వడం లేదా? ఇస్తుంటే పిల్లి ఆ గోడ దూకి చిన్నావిడ ఇంట్లో కక్కేస్తోందా? అడిగితే పెద్దావిడకు కోపం వచ్చింది. "నా సేత్తోనే గొంతులో ఏస్తన్నాను. మీరూ నన్నే అంటారేటి?" అంది. దాదా నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

పిల్లిని కొన్నాళ్ళు ఆసుపత్రి పంజరంలో పెట్టుకున్నాం. దాదా తనే పూటపూటా మాత్ర వేసి, మింగిందో లేదో నోరు తెరిచి చూసేవాడు. తిండి మా చేతి మీదుగానే. బయటివాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. అన్నాళ్ళూ అలా ఉంచి రక్తం తీస్తే హార్మోన్ ఇంకా పైకే ఉంది. గడ్డ అప్పటికే పెరిగింది. ఇదివరకు వేలితో తోస్తే కొంచెం జారేది, ఇప్పుడు చుట్టుపక్కల కండను పట్టుకుని కూర్చుంది.

దాదా చాలాసేపు దాన్ని వేళ్ళతో పట్టి చూశాడు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు. "ఆ ఆడవాళ్ళ జోలి మానేద్దాం దీదీ. ఈ గడ్డే అబద్ధాలకోరు."

పిల్లులకు వచ్చే థైరాయిడ్ గడ్డల్లో చాలావరకు మంచివే. కేన్సర్ బహు అరుదు. అరుదైనది మన బల్ల మీదికే వచ్చిందని నమ్మడానికి ఏ డాక్టరుకూ మనసొప్పదు. సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు తీయబోతే రక్తం తప్ప ఏమీ రాలేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపించాయి. కోసి తీసి, ముక్కను చెన్నై పంపితే తప్ప తేలదు. మందు పని చెయ్యడం లేదు కాబట్టి కోయక తప్పదు కూడా. ఇలాంటి గడ్డలకు రేడియో అయోడిన్ అనే వైద్యం ఉంది. ఈ దీవుల్లో పిల్లికి దాన్ని ఇచ్చేవాళ్ళు లేరు.

కేన్సర్ కావచ్చనగానే పెద్దావిడ కుర్చీలో కూలబడింది. "అత్తమ్మకి వచ్చిందే దీనికీనా?" అంది. ఆ రోజు విషం మాట ఎత్తలేదు.

గుండె వేగం తగ్గే మందు కొన్నాళ్ళు ఇచ్చి, ఎండ కాసిన ఒక పొద్దున ఆపరేషన్ చేశాం. దాదా కత్తి పట్టాడు, నేను మత్తు చూసుకున్నాను. ఎడమ గ్రంథి పూర్తిగా చెడింది. కుడివైపు కూడా సగం గట్టిపడింది, రెండూ తీసెయ్యాల్సి వచ్చింది. ఆ గ్రంథులను ఆనుకుని ఆవగింజలంత చిన్న గ్రంథులు ఉంటాయి. ఒంట్లో కాల్షియం నిలిచేది వాటి వల్లే. దాదా ఊపిరి బిగబట్టి వాటిలో ఒకదాన్ని రక్తనాళంతో సహా అలాగే ఉంచాలని చూశాడు. అది బతుకుతుందో లేదో ఆయనకూ నమ్మకం లేదు.

పిల్లి మెలకువలోకి వచ్చింది. ఒకటి రెండు రోజులు మా దగ్గరే ఉంచాం. అప్పుడే రెండు కష్టాలు కలిసి వచ్చాయి. ఊళ్ళో కుక్కలకు రక్తవిరేచనాల జబ్బు తగిలి మా పంజరాలన్నీ జబ్బు కుక్కలతో నిండిపోయాయి. పచ్చి గాయంతో ఉన్న పిల్లిని అక్కడ ఉంచలేం. సరిగ్గా అదే రోజు పెద్దావిడ భర్త ఓడ మాయాబందర్ జెట్టీలో ఉండగా ఛాతీ నొప్పితో పడిపోయాడని, అక్కడి ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చింది. ఆమె చేతి సంచితో ఆసుపత్రికి వచ్చి, పిల్లి తల నిమిరి, "మీ కాడే ఉంచండి డాక్టరమ్మా, నానొచ్చీదాకా" అని ఫీనిక్స్ బే జెట్టీకి పరుగెత్తింది, బోటు దొరుకుతుందేమోనని.

మా క్వార్టర్లో నేను కుక్కను పెంచుతున్నాను. దాదా ఇంట్లో రెండున్నాయి. ఎవరికివ్వాలి? సాయంత్రం కాబోతుండగా చిన్నావిడ గేటు దగ్గర కనిపించింది. బావగారి కబురు విని వచ్చిందట.

"నాకివ్వండి మేడమ్. చూసుకుంటాను."

దాదా నన్ను పక్కకు పిలిచాడు. "ఆలోచించుకోండి. రేపు ఈ పిల్లి చస్తే, మందు వల్ల చచ్చినా మా వల్ల చచ్చినా, ఆ ఇంట్లో ఎవరి పేరు వస్తుంది? ఆమెది, దానితో పాటు మీది" అన్నాడు.

అది నాకూ తెలుసు. గుమ్మంలో నిలబడి ఆమె చెప్పిన అబద్ధం కూడా నాకు గుర్తుంది. అయినా బుట్ట ఆమె చేతికే ఇచ్చాను. ఏం తినిపించాలో చెప్పాను, గాయం ముట్టుకోవద్దన్నాను. "మూతి గీక్కున్నా, చెవులు అదిరినా, నడక తూలినా క్షణం ఆగకుండా తీసుకురండి" అన్నాను. ఆమె ఆ మాటలను మళ్ళీ నాకు అప్పజెప్పింది.

మూడో రోజు సాయంత్రం ఓపీ నిండుగా ఉండగా ఆటో వచ్చి ఆగింది. చిన్నావిడ చెప్పులు లేకుండా దిగింది. చేతుల్లో పిల్లి కర్రలా బిగుసుకుపోయి ఉంది. చెవులు, పెదవులు గిలగిల కొట్టుకుంటున్నాయి. బల్ల మీద పెట్టగానే ఒళ్ళంతా విల్లులా వంగింది.

కాల్షియం పడిపోతే ఇలాగే ఉంటుంది. కొన్ని ఎలుకల మందులకూ, పురుగుమందులకూ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రెంటికీ వైద్యం వేరు. పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి చేస్తూ కూర్చుంటే పిల్లి దక్కదు. గాయం చూడబోతే మెడంతా జిడ్డుగా మెరుస్తోంది. ఏదో వాసన కూడా.

"ఏం పూశారు దీనికి?"

ఆమె పిల్లి కాళ్ళు పట్టుకుంది.

"ఏం పెట్టారు? ఏం పూశారు? చెప్పండి!"

"మీరు చెప్పిందే ఎట్టినాను" అంది, కళ్ళు దించుకుని. సరిగ్గా ఆ రోజు గుమ్మంలో దించినట్టే.

అదే క్షణంలో గది తలుపు దగ్గర సంచి కిందపడ్డ చప్పుడైంది. మాయాబందర్ నుంచి తెల్లవారి బస్సెక్కి, భర్తకు గండం గడిచిందన్న మాట చెబుదామని తిన్నగా ఆసుపత్రికి వచ్చింది పెద్దావిడ. పిల్లిని చూసింది. దాని పక్కన ఎవరున్నారో చూసింది.

"ఏటెట్టినావే దానికి?" అని అరిచింది. బయట బెంచీల మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. "దీని సేతికి ఇచ్చినారా డాక్టరమ్మా? దీని సేతికా?"

దాదా ఆమెకు అడ్డం నిలబడ్డాడు. నేను పిల్లి కళ్ళు చూశాను, నోరు చూశాను. చొంగ కారడం లేదు, కంటిపాపలు ముడుచుకుపోలేదు. మనసులో అనుమానం ఉంది, చేతుల ముందు పిల్లి ఉంది. చేతులు చూసినదాన్నే నమ్మాలనుకున్నాను. కాల్షియం మందు తీసి, ముంగాలి నరంలోకి బొట్టు బొట్టుగా ఎక్కించడం మొదలుపెట్టాను. దాదా స్టెతస్కోపు దాని ఛాతీ మీద ఆనించి గుండె వింటూ నిలబడ్డాడు. త్వరపడితే గుండె ఆగిపోతుంది. నెమ్మదిస్తే ఈ బిగింపులోనే పోతుంది. చిన్నావిడ గోడకు ఆనుకుని పెదవులు కదుపుతోంది. పెద్దావిడ ఏడుస్తోంది, తిడుతోంది, మళ్ళీ ఏడుస్తోంది.

కొంచెం సేపటికి చెవుల అదురు ఆగింది. తర్వాత కాళ్ళు మెత్తబడ్డాయి. ఇంకాసేపటికి పిల్లి తల తిప్పి మమ్మల్నందరినీ ఒక చూపు చూసి, నాలుకతో ముక్కు నాక్కుంది.

"విషమైతే కాల్షియంకు ఇలా లొంగదు" అన్నాను, ఇద్దరికీ వినిపించేలా. "మేం ఆపరేషన్ చేశాక ఒంట్లో కాల్షియం పడిపోయింది. ఇలా జరగొచ్చని బుట్ట ఇచ్చేటప్పుడే చెప్పాను. ఆలస్యం చెయ్యకుండా తెచ్చింది కాబట్టి బతికింది." కాల్షియం ఎక్కించే ముందు తీసి ఉంచిన రక్తం పరీక్షకు పంపితే ఆ మాటే రుజువైంది. 

"మరి మెడకేటి పూసింది?" అంది పెద్దావిడ.

చిన్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రార్థన నూనె అక్కా. అయ్యగారు అత్తమ్మకి రాసిన సీసాలో మిగిలింది. పిల్లికి రాయొచ్చో లేదో అయ్యగారిని అడగలేదు. గాయం ముట్టొద్దని మేడమ్ చెప్పినారు. అందుకే చెప్పలేదు."

దాదాకు తెలుగు రాదు. నేను హిందీలో చెబితే, ఆయన స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. పెద్దావిడ బల్ల దగ్గరికి వచ్చి, తన కొంగుతో ఆ నూనె తుడవబోయి, ఆగి, తుడవకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

చెన్నై నుంచి వచ్చిన రిపోర్టులో కేన్సర్ అనే ఉంది. గడ్డ తన సంచిని చీల్చుకుని రక్తనాళాల్లోకి పాకిందని రాశారు. అంతా తీశామని చెప్పలేనని, తిరిగి రావచ్చని పెద్దావిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. కాల్షియం మాత్రలు కొన్నాళ్ళు వాడి మానేశాం. దాదా కాపాడిన ఆ ఆవగింజ బతికే ఉందన్నమాట. తీసేసిన గ్రంథుల బదులు రోజూ ఒక థైరాయిడ్ మాత్ర మాత్రం వెయ్యాల్సి వచ్చేది. పిల్లి ఒళ్ళు చేసింది. దాదా ఎదురుపడితే "కోర్టు కేసు ఎలా ఉంది?" అని అడిగేవాడు.

ఆ ఇద్దరూ కలిసిపోయారని చెప్పను. ఇల్లు అమ్మే మాట మాత్రం ఆగిపోయింది. చిన్నావిడ చర్చికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టిందని అయ్యగారు చెప్పారు. పరీక్షలకు పిల్లిని ఒకసారి ఒకరు తెచ్చేవారు, ఇంకోసారి ఇంకొకరు. ప్రతి ఒక్కరూ రెండో ఆవిడ మందు సరిగా వేస్తోందా అని నన్ను చాటుగా అడిగేవారు. వేస్తోందనే ఇద్దరికీ చెప్పేదాన్ని. పెద్దావిడ ఎప్పుడూ చిన్నావిడకు క్షమించమని చెప్పినట్టు నేను వినలేదు. నాకు తెలియకుండా చెప్పుకున్నారేమో.

ఆ తర్వాతి వానాకాలం కూడా గడిచాక గడ్డ తిరిగి వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లో కూడా మచ్చలు కనిపించాయి. మళ్ళీ కోయడంలో అర్థం లేదని దాదా, నేను ఇద్దరం అనుకున్నాం. ఊపిరి సులువుగా ఆడడానికి, నొప్పి తెలియకుండా ఉండడానికి మందులిచ్చాం. అలా కొంతకాలం గడిచింది.

ఒక పొద్దున ఆసుపత్రి తెరిచేసరికి ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చి ఉన్నారు. బుట్ట చిన్నావిడ ఒళ్ళో ఉంది. దాని మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది.

చిన్నావిడ తిన్నగా లోపలికి వచ్చి బుట్టను బల్ల మీద పెట్టింది. "కొయ్యండి మేడమ్" అంది.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నిన్న మాపు మా ఇంట్లోనే పడుకుంది. అక్కడే పోయింది. చివరి ముద్ద నాదే. కోసి లోపలేటి ఉందో చూసి చెప్పండి. అక్క ముందే చూడండి. రేపు ఎవులేనా మాటంటే నేను పడలేను."

పెద్దావిడ గుమ్మంలోనే ఉంది. "ఎవులంటారే?"

"నువ్వే."

వాళ్ళ మధ్య నేను చేతులకు తొడుగులు వేసుకుని నిలబడి ఉన్నాను. పెద్దావిడ వైపు చూశాను. నా ఉద్యోగంలో ఏ పరీక్షా ఫలితం కోసం అంత భయంగా ఎదురుచూసి ఉండను. ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. గుడ్డ తీసి పిల్లి ముఖం చూసి, మళ్ళీ కప్పింది.

"కొయ్యొద్దు డాక్టరమ్మా" అంది.

"అక్కా, చూడనీ. చూస్తే నీకే తెలుస్తాది."

"నాకు అక్కర్లేదు" అంది పెద్దావిడ. "నాను అనను."

నేను తొడుగులు తీసేశాను.